కోడింగ్ రాని బయోటెక్ విద్యార్థికి బయోఇన్ఫర్మాటిక్స్ పీహెచ్‌డీ

ప్రశ్న: మా బిడ్డ హనుమకొండలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. బయోఇన్ఫర్మాటిక్స్‌లో (జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించే శాస్త్రం) పీహెచ్‌డీ చేస్తానంటోంది. కోడింగ్ రాదు. ఇంకో అయిదేళ్లు చదివించే స్థోమత మాకు లేదు. ఏం చేయమంటారు?

జవాబు: చేయనివ్వండమ్మా. కానీ సీటు కన్నా ముందు ఫెలోషిప్, అంటే పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే భృతి, చూసుకోవాలి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) కింద 42,000. ఇంటి అద్దె భత్యం వేరే. మీరు డబ్బు పంపాల్సిన పని ఉండదు. ఇందుకు జాతీయ స్థాయి పరీక్షలైన సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) తరఫున జరిగే బెట్ రెండూ రాయించండి. 2024 నుంచి నెట్‌లో మూడు కేటగిరీలున్నాయి, జేఆర్‌ఎఫ్ మొదటిదానికే. మూడోది పీహెచ్‌డీ ప్రవేశానికే పనికొస్తుంది, ఫెలోషిప్ ఇవ్వదు, స్కోరు ఏడాదే చెల్లుతుంది. 'నెట్ వచ్చింది' అనగానే ఏ కేటగిరీయో చూడండి. పీజీలో 55 శాతం మార్కులు తప్పనిసరి. రిజర్వేషన్ వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది.

ఇక కోడింగ్. వేలకు వేలు పోసి సర్టిఫికెట్ కోర్సులు కొనొద్దు. రోజుకు రెండు గంటల చొప్పున ఆరు నెలలు కూర్చుంటే లినక్స్ కమాండ్లు, ఆర్ భాష, వాటితోపాటు స్టాటిస్టిక్స్ పట్టుబడతాయి. ఆపై ఒక్క ప్రాజెక్టు మొదలు నుంచి చివరిదాకా సొంతంగా చేయాలి. ఎనుమాముల మిర్చి మార్కెట్ పక్కనుండగా మిరప మీద చేయాలనిపిస్తుంది. కానీ మిరప జీనోమ్ (మొక్క మొత్తం డీఎన్‌ఏ) 300 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలకు పైనే, వరిది 40 కోట్ల లోపే. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ మీద వరి నడుస్తుంది, మిరప మొరాయిస్తుంది. అందుకని వరితో మొదలుపెట్టమనండి.

పరిశోధకులు తమ డేటాను అందరికీ అందుబాటులో పెట్టే ఎస్‌ఆర్‌ఏ డేటాబేస్‌లో ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ డేటా (ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో చెప్పే ఆర్‌ఎన్‌ఏ ముక్కల వివరాలు) ఉచితం. కరువులో ఏ జన్యువుల పని మారుతుందో చూడటానికి, నీరు పెట్టిన మొక్కలవి మూడు, నీరు ఆపి ఎండబెట్టినవి మూడు శాంపిళ్లున్న అధ్యయనం ఎంచుకోవాలి. ఫాస్ట్‌క్యూసీతో డేటా నాణ్యత చూసి, హైశాట్2తో ఆ ముక్కలను వరి జీనోమ్‌కు జతచేసి, ఫీచర్‌కౌంట్స్‌తో ఒక్కో జన్యువుకు ఎన్ని ముక్కలో లెక్కించి, డీఈసెక్2లో రెండు రకాల మొక్కలనూ పోల్చాలి. ఇవన్నీ ఉచిత సాఫ్ట్‌వేర్లే. తప్పులు దొర్లేది చివరి మెట్టు దగ్గరే. డీఈసెక్2కు ముడి లెక్కలే ఇవ్వాలి; ముందే నార్మలైజ్ చేసిన (జన్యువు పొడవు, డేటా పరిమాణాలకు తగ్గట్టు సర్దిన) ఎఫ్‌పీకేఎం విలువలిస్తే ఫలితం చెడుతుంది. 30 వేల జన్యువులను 0.05 పీ-విలువ (తేడా లేకున్నా నూటికి అయిదు సార్లు ఉన్నట్టు కనబడే హద్దు) దగ్గర పరీక్షిస్తే, అసలు తేడా ఏమీ లేకున్నా 1,500 దాకా ఉన్నట్టు కనబడతాయి. కాబట్టి ఇన్ని పరీక్షలకు తగ్గట్టు సవరించిన పీ-విలువే చూడాలి. ఎండబెట్టినవన్నీ ఒకరోజు, మిగతావన్నీ ఇంకోరోజు సీక్వెన్స్ చేసిన డేటా అయితే వదిలేయడమే మేలు. తేడా కరువుదో తేదీదో ఎవరూ తేల్చలేరు. ఇంకోటి, జన్యువుల పట్టికను ఎక్సెల్‌లో తెరవొద్దు. మార్చ్1 వంటి మానవ జన్యువుల పేర్లను అది తేదీలుగా మార్చేస్తోందని 2020లో ఆ పేర్లే మార్చారు.

హైదరాబాద్‌లో ట్రిపుల్ఐటీ, సెంట్రల్ యూనివర్సిటీ, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలు ఉన్నాయి. సంస్థ పేరు కన్నా గైడ్ ముఖ్యం. డేటా ల్యాబ్‌దేనా, బయటివాళ్లు ఇవ్వాలా? ఇదివరకటి విద్యార్థులకు ఎన్నేళ్లు పట్టింది? ఈ రెండూ ఆ ల్యాబ్ విద్యార్థులనే అడగాలి. డేటా కోసం బయటివాళ్ల మీద ఆధారపడితే ఏడాది, రెండేళ్లు ఎదురుచూపులకే పోవచ్చు. యూజీసీ నిబంధనల ప్రకారం మామూలు గడువు ఆరేళ్లు, మహిళలకు ఇంకో రెండేళ్ల వరకు సడలింపు ఉంది. గైడ్‌కు రాసే మెయిల్‌లో బయోడేటాతోపాటు గిట్‌హబ్‌లో (కోడ్ అందరికీ కనబడేలా పెట్టుకునే వెబ్‌సైట్) పెట్టిన వరి ప్రాజెక్టు లింకు, ఆయన పేపర్ చదివాక వచ్చిన ఒక ప్రశ్న ఉండాలి.