పికప్ ట్రక్కులో మాన్యువల్ ఏసీ చాలా, ఆటోమేటిక్ కావాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నారు, వాడిన ఫోర్డ్ ఎఫ్-150 కొనాలనుకుంటున్నారు. ఒకటి 2019 ఎక్స్‌ఎల్‌టీ రకం, నాబ్‌లు తిప్పుకునే మామూలు ఏసీ. రెండోది అదే ఏడాది లారియట్ రకం, కుడి ఎడమలకు వేర్వేరుగా డిగ్రీలు పెట్టుకునే ఆటోమేటిక్. వారమంతా ఆఫీసు, సెలవు రోజుల్లో నర్సరీ నుంచి మట్టి, మొక్కలు, ఎండాకాలంలో గుంటూరు నుంచి వచ్చే అమ్మానాన్నలతో హ్యూస్టన్, ఆస్టిన్ ప్రయాణాలు. ఏసీ కోసం అంత డబ్బు ఎక్కువ పెట్టాలా అన్నది మీ సందేహం.

మీ వాడకానికి పెట్టమనే చెబుతాను. నేను డెంటన్ కౌంటీలో కంచెలు వేసే పని చేస్తాను. పనికి మాన్యువల్ ఏసీ ఉన్న పాత ట్రక్కు, ఇంటికి ఆటోమేటిక్ ఉన్నది నడుపుతున్నాను. రెండూ ఏళ్ల తరబడి వాడాక నాకు అర్థమైంది ఒక్కటే: ఏది మేలన్నది బండి తలుపు ఎంత తరచుగా తెరుస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ముందు ఒక అపోహ తీరిపోవాలి. ఆటోమేటిక్ ఏసీ ఎక్కువ చల్లగా ఉంటుందనుకుంటారు. అది నిజం కాదు. చల్లబరిచే సరంజామా రెండింటిలోనూ ఒకటే: కంప్రెసర్, డ్యాష్‌బోర్డు లోపల గాలిని చల్లబరిచే ఎవాపరేటర్, దాని పక్కనే ఇంజను వేడినీళ్లు పారే హీటర్ కోర్. చల్లగాలిని, వేడిగాలిని ఏ పాళ్లలో కలపాలో నిర్ణయించే చిన్న తలుపు ఒకటి మధ్యలో ఉంటుంది. మాన్యువల్‌లో మీరు తిప్పే నాబ్ ఆ తలుపును ఒకచోట నిలబెడుతుంది, అంతే. గ్యాస్ పొయ్యి నాబ్ లాంటిదే అది. మంట ఎంతో చెబుతుంది గాని పాలు పొంగుతున్నాయో లేదో దానికి తెలియదు. ఆటోమేటిక్‌లో మాత్రం లోపలి వేడి, బయటి వేడి, అద్దంలోంచి పడే ఎండ, ఈ మూడింటినీ సెన్సర్లు కొలుస్తూ ఉంటాయి. మీరు 72 డిగ్రీలు (ఫారెన్‌హీట్) పెడితే ఆ చిన్న తలుపునూ ఫ్యాన్ వేగాన్నీ అదే సర్దుతుంది. ఇది నిన్నమొన్నటి సంగతి కూడా కాదు. 1964లోనే కాడిలాక్ కార్లలో వచ్చింది.

అందుకే ఎండలో నిలిపిన బండి ఎక్కగానే 60కి దించేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. 72 దగ్గరున్నా మొదటి నిమిషాల్లో అది పూర్తి చల్లగాలినే వదులుతుంది. అంతకంటే అద్దాలన్నీ దించి కాసేపు నడిపి, లోపలి వేడిగాలి పోయాక ఎత్తితే తొందరగా చల్లబడుతుంది.

ఇక పని సంగతి. మా పనిలో ప్రతి ఇంటి ముందూ దిగుతాం, కొలతలు తీసుకుంటాం, మళ్లీ ఎక్కుతాం. ఎక్కిన ప్రతిసారీ బయటి వేడి లోపలికి వస్తుంది. ఆటోమేటిక్ దాన్ని గమనించి ఫ్యాన్‌ను అమాంతం పైకి లేపుతుంది. కాస్త కుదుటపడే లోపు మళ్లీ దిగాల్సిందే. నాబ్ ఉన్న బండిలో ఆ గోల లేదు. ఫ్యాన్ ఒకచోట పెట్టేస్తే అక్కడే ఉంటుంది. చేతికి తోలు తొడుగులున్నా, చూపు రోడ్డు మీదే ఉన్నా నాబ్ తిప్పవచ్చు. రోజంతా అద్దాలు దించి దుమ్ములో తిరిగేవాళ్లకు ఇంకో చిక్కుంది. లోపలి వేడిని కొలిచే సెన్సర్ డ్యాష్‌బోర్డులో ఒక చిన్న జాలీ వెనక ఉంటుంది. గుంతలు తవ్వేచోట లేచే తెల్లటి సున్నపురాయి దుమ్ము ఆ జాలీకి పట్టేస్తే గాలి సరిగా ఆడదు, లెక్క తప్పుతుంది. కాబట్టి పని బండికి మాన్యువలే సరి. ఈ మాట ఎవరితోనైనా వాదించి చెబుతాను.

మీ ప్రయాణాలు వేరు. డల్లాస్ నుంచి హ్యూస్టన్‌కు ఐ-45 హైవే మీద సుమారు 240 మైళ్లు. సాయంత్రం బయలుదేరితే ఎండంతా కుడివైపు, అంటే నాన్నగారు కూర్చునే వైపు. తిరిగి వచ్చేటప్పుడు సాయంత్రమైతే అదే ఎండ మీ వైపు. మబ్బు పట్టి ఎండ తగ్గగానే, ఇందాక హాయిగా ఉన్న చలి కాస్తా వణికిస్తుంది. మాన్యువల్ బండిలో ఈ మార్పు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు నాబ్ తిప్పాలి, తిప్పేది ఎప్పుడూ డ్రైవరే. చలికాలంలో ఉత్తరపు గాలి దిగి బయటి వేడి ఒక్కసారిగా పడిపోయినప్పుడూ అంతే.

ఇక అమ్మానాన్నల విషయం. ఇది చిన్నది కాదు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. పెద్దవాళ్లు మోకాళ్ల మీద చల్లగాలి తగులుతుంటే ఇబ్బంది పడతారు, కానీ నోరు విప్పి చెప్పరు. కొడుకు డ్రైవింగ్‌లో ఉన్నాడు, అతనికి ఉక్కగా ఉందేమో అని శాలువా కప్పుకుని సర్దుకుంటారు. మా అత్తగారు సరిగ్గా అలాగే చేసేవారు. ఇంటి ట్రక్కులో ఆవిడ వైపు 77, నా వైపు 70 పెట్టడం మొదలుపెట్టాక శాలువా సంచిలోనే ఉండిపోయింది. నేను ఆటోమేటిక్‌కు డబ్బు పెట్టమనడానికి అసలు కారణం ఇదే. అయితే రెండు విభాగాలంటే చాలా ట్రక్కుల్లో డ్రైవరు వైపు, పక్క సీటు వైపు మాత్రమే. వెనక సీటుకు వేరే లెక్క ఉండదు. అమ్మగారు వెనక కూర్చుంటే ఆ వైపు గాలి ముఖానికి తగలకుండా రెక్కలు పక్కకు తిప్పాల్సిందే.

ఆటోమేటిక్ కొంటే మరో రెండు విషయాలు తెలిసి ఉండాలి. ఫ్యాన్ శబ్దం ఎక్కువైందని దాని బటన్ నొక్కితే ఆటో దీపం ఆరిపోతుంది. దాంతో మొత్తం పోయిందని చాలామంది కంగారు పడతారు. సాధారణంగా ఫ్యాన్ మాత్రమే మీ చేతికి వస్తుంది, వేడి చూసే పని అది చేస్తూనే ఉంటుంది. రెండోది మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది. డ్యాష్‌బోర్డు పైన, అద్దం మొదట్లో నల్లటి బొత్తాం లాంటిది ఉంటుంది. ఎండను కొలిచే సెన్సర్ అదే. మా బావగారి బండి ఎండాకాలంలో సరిగా చల్లబడటం లేదంటే వెళ్లి చూశాను. దాని మీద మఖమల్ గుడ్డ, గుడ్డ మీద వినాయకుడు, స్వామికి ప్లాస్టిక్ పూలదండ. సెన్సర్‌కు ఎండే కనబడకపోతే పాపం ఫ్యాన్ ఎందుకు పెంచుతుంది? స్వామిని ఒక జానెడు పక్కకు జరిపాం, బండి మామూలుగా అయిపోయింది.

ట్రెయిలర్‌తో మట్టి తెచ్చేటప్పుడు ఏసీ ఆపాలా అని కూడా అడిగారు. మన దగ్గర నేలంతా చదును, అవసరం లేదు. ట్రక్కు ఎంత బరువు లాగగలదో తేల్చే ఎస్‌ఏఈ జే2807 పరీక్షను అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎత్తు మీద, 100 డిగ్రీల ఎండలో, ఏసీని పూర్తిగా పెట్టే చేస్తారు. కాలిఫోర్నియాలో కొన్ని నిటారు ఎత్తుల దగ్గర ఏసీ ఆపమని బోర్డులు ఉంటాయి, అక్కడ పాటించండి. ఇంజను వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ తీసేసి హీటర్ పూర్తిగా వేయాలి; ఇంజను వేడిలో కొంత అలా బయటపడుతుంది.

మాన్యువల్ పాడవదు, ఆటోమేటిక్ ఎప్పుడూ పాడవుతుంది అనే మాట సగమే నిజం. నాబ్ తిప్పితే తీగ లాగి తలుపు కదిలే రోజులు దాదాపు పోయాయి. ఇప్పుడు చాలా మాన్యువల్ బండ్లలోనూ ఆ తలుపును చిన్న మోటారే తిప్పుతుంది. నా పని ట్రక్కులో ఫ్యాన్ వేగాన్ని తగ్గించే రెసిస్టర్ కాలిపోయి ఫ్యాన్ అన్నిటికంటే పై వేగంలో మాత్రమే తిరిగేది. చవకైన భాగం, ఇంట్లోనే మార్చుకున్నాను. ఇంటి బండిలో ఒకవైపు తలుపు మోటారులో ప్లాస్టిక్ పళ్లు అరిగి, డ్యాష్‌బోర్డు వెనక టిక్కుటిక్కుమని చప్పుడు, నా వైపు వేడి, పక్కన చల్లన. ఒక షాపులో డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలన్నారు. మరోచోట ఆ ఒక్క మోటారునే మార్చి ఇచ్చారు. ఆటోమేటిక్‌లో ఇలాంటి మోటార్లు, సెన్సర్లు ఎక్కువ, కాబట్టి ఖర్చు అవకాశమూ ఎక్కువే. ఇది కాదనలేం.

అందుకే లారియట్ చూడ్డానికి మధ్యాహ్నం వెళ్లండి, బండి ఎండలో నిలిపి ఉంటే ఇంకా మంచిది. ఇంజను బాగా వేడెక్కాక రేడియో ఆపేసి, మీ వైపు పూర్తి చల్లన, పక్కవైపు పూర్తి వేడి పెట్టండి. కాసేపాగి అటుదిటు మార్చండి. రెండువైపులా గాలి చెప్పినట్టు మారాలి, వెనక నుంచి ఏ టిక్కు శబ్దమూ రాకూడదు. తర్వాత గాలిని అద్దానికి, ముఖానికి, కాళ్లకు మార్చి చూడండి. ఒకవైపు మొరాయించినా బండిని వదులుకోనక్కర్లేదు. ఆ మోటారు మార్చడానికి ఎంతవుతుందో ఒక షాపులో అడిగి, ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించమనండి.