ఫోటోల గోల భరించలేక ఫుజి పర్వతానికి అడ్డంగా తెర కట్టారట, నిజమేనా?

నిజమే, 2024 మే నెలలో ఫుజికావాగుచికో అనే ఊళ్లో కట్టారు. అక్కడ లాసన్ దుకాణం ఒకటి ఉంది, రోడ్డుకు ఇవతల నిలబడితే సరిగ్గా దాని కప్పు మీద పర్వతం కూర్చున్నట్టు కనబడుతుంది. ఆ ఫ్రేమ్ ఇన్‌స్టాగ్రామ్‌లో పాకిపోయాక విదేశీ టూరిస్టులు గుంపులుగా దిగడం, అడ్డదిడ్డంగా రోడ్డు దాటడం, చెత్త పడేయడం, ఎదురుగా ఉన్న డెంటల్ క్లినిక్ స్థలంలోకి అడగకుండా దూరిపోవడం మొదలైంది. బోర్డులు పెట్టినా, గార్డులను నిలబెట్టినా ఎవరూ వినలేదు. చివరికి 2.5 మీటర్ల ఎత్తు, 20 మీటర్ల పొడవున నల్లటి వల కట్టారు. దానికీ కొద్ది రోజుల్లోనే ఫోన్ కెమెరా పట్టేంత కన్నాలు పెట్టేశారు మహానుభావులు! ఆగస్టులో తుఫాను వస్తోందని తీసేశారు, మళ్లీ కట్టలేదు.

అంటే జపాన్‌లో ఫోటో తీయడమే తప్పని కాదు. అదే దృశ్యాన్ని ఫుట్‌పాత్ మీద నిలబడి తీసుకుని వెళ్లిపోతే ఎవరూ ఏమీ అనరు. కాకపోతే క్యోటోలోని గియోన్ అనే పాత పేటకు వెళ్తే మాత్రం జాగ్రత్త, గేషాల (సంప్రదాయ వేషంలో ఆడిపాడే కళాకారిణుల) వెంట పడి ఫోటోలు తీసేవాళ్ల బాధ పడలేక అక్కడి ప్రైవేట్ సందుల్లోకి టూరిస్టులను రానివ్వడం లేదు, వెళ్తే 10,000 యెన్‌ల జరిమానా అని బోర్డులుంటాయి. పెద్ద వీధిలో తిరగడానికి అడ్డేమీ లేదు.