కొండ అడుగు తవ్వితే వీధికి బురద

ప్రశ్న: విజయనగరం శివారులో మా కాలనీని ఆనుకుని కొండ ఉంది. గ్రావెల్ కోసం దాని అడుగు తవ్వేశారు. వానొస్తే ఎర్ర బురద వీధుల్లోకి దిగుతోంది. మొక్కలు నాటితే ఆగుతుందా?

జవాబు: మొక్కలొక్కటే చాలవండీ. ముందు తవ్వకం ఆగాలి. మన ప్రాంతపు కొండల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైట్ రాయి. దాని పైపొర ఎండకూ వానకూ మెత్తబడి ఎర్రమట్టి అవుతుంది. అడుగున ఆసరా పోయాక అది నానితే జారుతుంది.

తర్వాత వాన నీటిని వాలుపైనే ఆపే కందకాలు తవ్వాలి. ఎకరంపై ఒక్క సెంటీమీటరు వాన పడితే సుమారు 40,000 లీటర్ల నీరు. 3 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు కందకం పట్టేది 750 లీటర్లే. అందుకే వాలుకు అడ్డంగా చాలా వరుసలు కావాలి, పై వరుస ఖాళీలకు ఎదురుగా కింది వరుస కందకాలు వచ్చేలా. తాపీమేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో మట్టం చూడండి. కందకం ఒకవైపు వాలితే నీరంతా ఆ మూలకు చేరి గట్టు తెగుతుంది.

తవ్విన అంచు పైన మాత్రం కందకాలు వద్దే వద్దు, ఇంకిన నీరే దాన్ని జారుస్తుంది. అక్కడి నీటిని రాతి కాలువతో గెడ్డకు (వాగుకు) మళ్లించాలి. ఆ గెడ్డను పూడ్చి ప్లాట్లు వేయనివ్వకండి.

ఉన్న బలుసు, కలివి పొదలు నరకకుండా, కందకాల గట్లపై తొలకరిలో కానుగ, వేప నాటండి. కొండ రెవెన్యూదో అటవీశాఖదో తెలుసుకుని, అనుమతి తీసుకున్నాకే పలుగు పట్టండి.