యాక్సిల్ నట్టు మీద పానా పెట్టే ముందు

అల్లుడూ,

స్ప్లెండర్ చైన్ ఇకనుంచి నువ్వే బిగించుకుంటావట, వెనక చక్రం కూడా నువ్వే విప్పుతావట, మీ అమ్మ చెప్పింది. చేసుకో, పెద్ద విద్యేం కాదు. యాక్సిల్ (చక్రం మధ్యలోంచి దూరే కడ్డీ) కొసన నట్టు ఎక్కే గాట్ల చుట్లు ఉంటాయే, ఆ మర ఒక్కటి మాత్రం జాగ్రత్త.

గట్టిగా బిగిస్తేనే మర పోతుందనుకుంటారు అందరూ. అదీ ఉంది గానీ, నేను చూసినవాటిలో చాలా వరకు విప్పేటప్పుడే పాడైనవి. నట్టు తీసేస్తారు, యాక్సిల్ రాదు, మర ఉన్న కొస మీద సుత్తితో నేరుగా వాయిస్తారు, మొదటి చుట్టు నలిగి పువ్వులా విచ్చుకుంటుంది, తర్వాత నట్టు ఎక్కకపోతే పానా వేసి బలవంతంగా ఎక్కిస్తారు, అంతే సంగతులు. మొదట వెనక చక్రం కింద చెక్క పెట్టి యాక్సిల్ మీద బరువు తీసెయ్, కాస్త ఊపితే చాలాసార్లు యాక్సిల్ దానంతటదే కదులుతుంది. కొట్టక తప్పకపోతే నట్టును యాక్సిల్ కొసకు సమానంగా వచ్చేదాకా ఎక్కించి, మీద చెక్క ముక్క ఆనించి మెల్లగా కొట్టు. కదిలాక నట్టు తీసి మిగతాది ఇత్తడి కడ్డీతో తోసెయ్.

నువ్వుండేది కాకినాడ, ఉప్పు గాలి. నట్టు బయట కనిపించే మర మీద తుప్పు, ఇసుక పేరుకుని ఉంటాయి, అలాగే విప్పితే నట్టు ఆ ఇసుకనంతా మర మీద రాసుకుంటూ వస్తుంది. ముందు వైర్ బ్రష్‌తో రుద్ది, డీజిల్ పూసి, రాత్రంతా వదిలెయ్.

చైన్ బిగించడానికే అయితే యాక్సిల్ నట్టుతో పాటు చైన్ వైపున్న రెండో పెద్ద నట్టు, స్లీవ్ నట్టు అంటారు, అది కూడా వదులు చెయ్యాలి. అది మర్చిపోయి చైన్ బిగించే అడ్జస్టర్ తిప్పితే దాని సన్నటి మర లేచిపోతుంది.

తిరిగి బిగించేటప్పుడు మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే ఎక్కాలి. ముందు నట్టును వెనక్కి తిప్పు, ఒకచోట టిక్కుమని కూర్చుంటుంది, అక్కణ్ణుంచి ముందుకు తిప్పు. వదులు కాకుండా పట్టుకునే లాక్ నట్టయితే తర్వాత బిగుతుగా వస్తుంది, అది మామూలే, కానీ మొదట్లోనే పట్టేస్తే మాత్రం తీసి చూడు. నట్టు పోయిందని హార్డ్‌వేర్ షాపుకెళ్లి 12 ఎంఎంది ఏదో ఒకటి తెచ్చుకోకు. అక్కడ మామూలుగా ఇచ్చేది 1.75 పిచ్, అంటే చుట్టుకీ చుట్టుకీ మధ్య అన్ని ఎంఎం దూరం, బండి యాక్సిళ్లకు వచ్చేది చుట్లు దగ్గరదగ్గరగా ఉండే ఫైన్ మర, 12 ఎంఎం వాటికి ఎక్కువగా 1.25 ఉంటుంది. కంటికి రెండూ ఒకటేలా కనిపిస్తాయి, వేరేది కూడా ఒక చుట్టు ఎక్కినట్టే ఎక్కి మోసం చేస్తుంది. పాత నట్టో, బండి మోడలో చూపించి స్పేర్ షాపులోనే కొను. కింద వాషర్ ఉండాలి. అవతల యాక్సిల్ తలను ఇంకో పానాతో పట్టుకుని నట్టునే తిప్పు.

పానాకు పైపు తొడగొద్దు. మీటరు పైపు కొసన ఇరవై కిలోల బలం వేస్తే నట్టు మీద దాదాపు 200 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం (టార్క్) పడుతుంది, ఇలాంటి చిన్న బండ్ల నట్టుకు కావాల్సింది వంద లోపే. నీ బండికి ఎంత బిగించాలో ఆ లెక్క మాన్యువల్లో ఉంటుంది, ఆ బలాన్ని కొలిచి బిగించే టార్క్ రెంచ్ ఎవరిదగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకో, సిగ్గుపడకు. ఆ లెక్క మామూలుగా శుభ్రమైన పొడి మరకు, నూనె పూసి అంతే బిగిస్తే మర మీద అసలు కన్నా ఎక్కువ లాగుడు పడుతుంది. గ్రీజు యాక్సిల్ కడ్డీకి రాయి, మరకు వద్దు.

బిగుస్తూ బిగుస్తూ ఉన్నట్టుండి చేతికి మెత్తగా అనిపించిందా, ఆగిపో. మర తెగుతోందన్నమాట. ఇంకో అరచుట్టు చూద్దాం అనకు. యాక్సిల్, నట్టు రెండూ మార్చెయ్, వెల్డింగ్ పెట్టిస్తానంటే మాత్రం నేనే వచ్చి బండి తాళం లాక్కుంటా. కొసన మొదటి చుట్టుకు చిన్న నొక్కు పడితే పర్లేదు, లేత్ షాపులో మర కోసే సరైన డై తిప్పిస్తే బాగవుతుంది.

నట్టు ఊడకుండా అడ్డంగా దూర్చి వంచే స్ప్లిట్ పిన్ ఉండే బండయితే పాతది వంచి మళ్లీ వాడకు. ఒకరోజు తిరిగాక నట్టు ఇంకోసారి చూసుకో. ఇంకోటి, ఈ పని ఆదివారం పెట్టుకోకు, మధ్యలో ఏదైనా పోతే స్పేర్ షాపులు ఉండవు, సోమవారం ఆఫీసుకు ఆటోలో పోవాలి.

మీ మామయ్య