ఖాతాలో రూ.1.85 లక్షలు ఉన్నాయి, రైఫిల్‌కు ఎంత పెట్టవచ్చు?

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం): సార్, నాకు 25 ఏళ్లు. హనుమకొండలో గది తీసుకొని ఉంటూ మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం చేస్తున్నాను. చేతికి నెలకు రూ.34,000 వస్తుంది. ఎనిమిది నెలలుగా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటున్నాను, వారానికి నాలుగు రోజులు రేంజ్‌కు వెళ్తాను. ఇప్పటిదాకా క్లబ్ రైఫిల్‌తోనే కాలుస్తున్నాను, స్కోరు 590 దగ్గరే ఆగిపోయింది. తొమ్మిదేళ్ల పాత జర్మన్ రైఫిల్ ఒకటి రూ.2.20 లక్షలకు ఉంది, వారంలో చెప్పకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తామంటున్నారు. నా దగ్గర రూ.1.85 లక్షల పొదుపు ఉంది. అందులో రూ.1.20 లక్షలు తీసి, మిగతా లక్షను నెలకు 2 శాతం వడ్డీతో రెండేళ్ల వాయిదాల మీద ఒక లోన్ యాప్‌లో తీసుకోవాలని ఆలోచన. లక్ష రూపాయల చిట్టీలో 20 నెలలకు తొమ్మిది నెలలు కట్టాను, అది పాడి ఎత్తుకోమని స్నేహితుడు అంటున్నాడు. నర్సంపేట దగ్గర మా ఊళ్లో నాయన పత్తి, మిర్చి వేస్తాడు. పోయిన వానాకాలం పెట్టుబడికి రూ.30,000 ఇస్తే మిర్చి అమ్మినాక తిరిగి ఇచ్చాడు. నాయనకు షుగర్ ఉంది. పొదుపులో ఎంత శాతం రైఫిల్ మీద పెట్టడం సబబు?

జవాబు: ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో మీది ఎంచుకోవడానికి కారణం రైఫిల్ కాదు. బైకు కొనేవారు, పెళ్లిళ్ల ఫొటోగ్రఫీకి కెమెరా కొనేవారు, చెల్లెలి పెళ్లికి ఖర్చు లెక్క వేసుకునేవారు కూడా నన్ను ఇదే ప్రశ్న ఇదే రూపంలో అడుగుతుంటారు. ఖాతాలో కనిపించే మొత్తమంతా ఖర్చు పెట్టుకోదగిన సొమ్మేనని ముందుగానే నిర్ణయించుకొని, ఆ తరువాత అందులో ఎంత శాతం అని అడుగుతారు. ఆ రూ.1.85 లక్షల్లో ఎంత భాగం అసలు మీ చేతిలో ఉన్నట్టు అన్నది ముందు తేల్చుకోవాలి.

మీరు విడిగా రాసి పంపిన నెల ఖర్చుల కాగితాన్నే తీసుకుందాం. గది అద్దె రూ.5,500, తిండి రూ.5,000, పెట్రోలు, బండి ఖర్చు రూ.2,500, ఇంటికి రూ.8,000, ఫోను, చిల్లర ఖర్చులు రూ.1,000 కలిపితే రూ.22,000. చిట్టీ వాయిదా రూ.5,000 ఉద్యోగం పోయినా ఆగదు కాబట్టి దాన్నీ కలపాలి. అంటే ఏమీ రాని నెలలో కూడా మీ చేతి నుంచి పోయేది రూ.27,000. రేంజ్ ఫీజు రూ.3,000 అవసరమైతే ఆపుకోవచ్చు కనుక దాన్ని పక్కన పెడుతున్నాను. ప్రైవేటు ఉద్యోగం, వ్యవసాయం మీద ఉన్న తల్లిదండ్రులు, ఒక్కరి జీతం: ఇలాంటి ఇంటికి ఆరు నెలల ఖర్చు కన్నా తక్కువ అత్యవసర నిధి పెట్టుకోమని నేను ఎవరికీ చెప్పను. ఆరు నెలలకు రూ.1,62,000.

ఆ లెక్కన మీకు రూ.23,000 మిగలాలి. కానీ అదీ మిగలదు, ఎందుకంటే మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం ఉంది. నాయనకు పెట్టుబడికి ఇచ్చిన రూ.30,000 మిర్చి అమ్మాక తిరిగి వచ్చిందన్నారు. మంచిదే, ఆడ్తిదారు దగ్గర అప్పు చేయకుండా ఆయనను కాపాడారు. అయితే విత్తనాలు కొనే నాటికి వెళ్లిన ఆ డబ్బు, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు దింపి కాంటా పెట్టి పట్టీ (అమ్మకం లెక్క చీటీ) చేతికి వచ్చే దాకా, అంటే ఏడాదిలో ఎక్కువ నెలలు మీ దగ్గర ఉండదు. వచ్చే వానాకాలం కూడా నాయన మిమ్మల్నే అడుగుతారు, మీరు కాదనరు. ప్రతి ఏడాదీ వచ్చే ఖర్చును అత్యవసరం అనకూడదు, దాన్ని ఇప్పుడే పక్కన పెట్టాలి. రూ.1,85,000 లోంచి ఆ రూ.30,000 తీసేస్తే మిగిలేది రూ.1,55,000. మీ అత్యవసర నిధే ఇంకా రూ.7,000 తక్కువ ఉంది.

కాబట్టి మీ ప్రశ్నకు ఈ రోజు జవాబు సున్నా. కటువుగా ఉందని తెలుసు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 2023 జూలై చివర్లో వరంగల్, హనుమకొండలను వరద ముంచెత్తినప్పుడు, నా దగ్గరకు వచ్చే ఒక యువకుడి ఫొటో స్టూడియోలోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. ఆయన అంతకు నాలుగు నెలల ముందే ఉన్న పొదుపంతా ఊడ్చి, చాలనిదానికి వాయిదాలు పెట్టి కెమెరా కొన్నాడు. కెమెరా అటక మీద ఉండడంతో బతికింది. ప్రింటర్, కంప్యూటర్, రెండు నెలల గిరాకీ పోయాయి. ఖాతాలో రూ.6,000 ఉంది. షాపు తిరిగి తెరవడానికి నూటికి ఐదు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చాడు, ఆ వడ్డీ కట్టలేక మరుసటి సంవత్సరం ఆ కెమెరానే సగం ధరకు అమ్మాడు. తప్పు కెమెరా కొనడంలో లేదు, కొన్న రోజున వెనుక ఏమీ మిగుల్చుకోకపోవడంలో ఉంది. మీ పథకం ప్రకారం మీ దగ్గర మిగిలేది రూ.65,000. కొత్త వాయిదాతో కలిపి నెలకు రూ.33,000 పైగా బయటికి పోతుంది. అంటే రెండు నెలలు కూడా గడవవు.

ఇక ఆ యాప్ అప్పు గురించి. నెలకు 2 శాతం అని మీరు తేలికగా రాశారు. లక్ష మీద నెలకు రూ.2,000 చొప్పున 24 నెలలకు రూ.48,000 వడ్డీ, వాయిదా రూ.6,167 అని మీరే లెక్క కూడా వేశారు. ఇది ఫ్లాట్ వడ్డీ. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా వాళ్లు మాత్రం చివరి దాకా మొత్తం లక్ష మీదే వడ్డీ తీసుకుంటారు. ఊళ్లో షావుకారు రెండు రూపాయల వడ్డీ అంటే మిగిలిన అసలు మీదే లెక్క కడతాడు. ఆ పద్ధతిలో చూస్తే ఈ యాప్ మీ దగ్గర తీసుకునేది నూటికి సుమారు మూడు రూపాయల నలభై పైసల వడ్డీ, అంటే ఏడాదికి 41 శాతం దాకా. పైగా ప్రాసెసింగ్ ఫీజు రూ.3,000, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.540 ముందే కోసుకొని రూ.96,460 చేతిలో పెడతామన్నారని మీరే రాశారు, దానితో అసలు వడ్డీ ఇంకా పెరుగుతుంది. 2024 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఇచ్చే ప్రతి రిటైల్ టర్మ్ రుణానికీ (వ్యక్తులకు వాయిదాల మీద ఇచ్చే అప్పుకు) కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే అప్పు ఖర్చులు, షరతులు ఒకచోట చూపే పత్రం, ఇచ్చి తీరాలి. అందులో ఏపీఆర్ (ఫీజులు కూడా కలిపి ఏడాదికి నిజంగా పడే వడ్డీ శాతం) అనే అంకె ఒక్కటి చూడండి, అది ఇవ్వడానికి నీళ్లు నమిలే యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయండి. అన్ని ఖర్చులూ పోను మీకు నెలకు మిగిలేది రూ.4,000. రూ.6,167 వాయిదా ఎక్కడి నుంచి కడతారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇంటికి పంపే ఎనిమిది వేలలో కోత పెట్టి అని నేను అనుకుంటున్నాను. అలాంటప్పుడు ఆ రైఫిల్ వాయిదా కట్టేది మీ అమ్మానాయనలు.

చిట్టీ సంగతి ఇంతకన్నా నయం, అయినా ఇప్పుడు ముట్టుకోకండి. పోయిన నెల పాట రూ.24,000కు పోయిందన్నారు. అంటే పాడినవారికి వచ్చింది రూ.76,000. అందులో కంపెనీ కమీషన్ రూ.5,000 పోను మిగతా రూ.19,000 ఇరవై మందికి పంచితే తలా రూ.950 తగ్గింది, అందుకే మీరు ఆ నెల రూ.4,050 మాత్రమే కట్టారు. ఆ తగ్గింపు ఇప్పుడు మీకు లాభం, మీరే పాడితే అదే మీ నష్టం. పైగా ఎత్తుకున్నాక ఇద్దరు ఉద్యోగుల జమానతు అడుగుతారు, మీ రైఫిల్ కోసం ఇంకొకరి జీతపు చీటీ తాకట్టు పెట్టించడం ఏం మర్యాద? చివరి దాకా ఉంటే కమీషన్ పోను రూ.95,000 వస్తుంది. మీ చిట్టీ రిజిస్టరైనదో కాదో మాత్రం ఈ వారమే కనుక్కోండి. కాకపోతే నా లెక్కలో ఆ రూ.95,000 లేనట్టే అనుకోవాలి.

ఆరోగ్య బీమా గురించి కొంచెం. కంపెనీ పాలసీ మీ ఒక్కరికే ఉంది, అదీ ఉద్యోగం ఉన్నంత వరకే. ఇంట్లో రేషన్ కార్డు ఉందన్నారు కాబట్టి ఆరోగ్యశ్రీ ఉంటుంది, 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి రూ.10 లక్షలు. కానీ అది జాబితాలో ఉన్న చికిత్సలకు, అనుబంధ ఆసుపత్రుల్లోనే పనికి వస్తుంది. నాయనకు షుగర్ ఉందని దాచకుండా రాసి ఇప్పుడే చిన్న పాలసీ తీసుకుంటే, ముందు నుంచి ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం మూడేళ్లకు మించదు. ఆలస్యమైన ప్రతి సంవత్సరం ఆ గడియారం మొదలు కావడాన్ని వాయిదా వేస్తుంది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. అయినా ఏ కార్డూ ఏ పాలసీ ఇవ్వనివి కొన్ని ఉంటాయి: అర్ధరాత్రి నర్సంపేట నుంచి వరంగల్‌కు కారు కిరాయి, చేరేముందు అడిగే అడ్వాన్సు, వారం రోజులు ఆసుపత్రి బయట అమ్మ తిండి, మీరు పెట్టే జీతం లేని సెలవులు. అవన్నీ అత్యవసర నిధి మీదే పడతాయి.

రైఫిల్ విషయం నాకు తెలియదు, అందుకే తెలిసిన ఒక కోచ్‌ను అడిగాను. ఆయన నన్ను తిరిగి ఒక ప్రశ్న అడిగారు: అదే క్లబ్ రైఫిల్‌తో ఆ క్లబ్‌లో ఇంకెవరైనా 610 దాటారా? అరవై షాట్లకు 654 పూర్తి స్కోరైన ఆటలో 590 దగ్గర ఆగినవారికి తుపాకీ కన్నా ఒంటి కొలతకు సరిపోయే జాకెట్, బూట్లు ముందు పనికి వస్తాయని ఆయన మాట. మీ రూ.2.20 లక్షల్లో అవి లేనే లేవు. వారానికి నాలుగు రోజులు, రోజుకు వంద షాట్ల చొప్పున కాలిస్తే 500 పెల్లెట్ల (రైఫిల్‌లో వేసే చిన్న గుండ్ల) డబ్బా పది రోజులు కూడా రాదు, ఆ ఖర్చూ లేదు. ఇంకొకటి, ఇలాంటి రైఫిళ్లకు గాలి నింపే సిలిండర్‌కు తయారీదారులు పదేళ్ల గడువు పెడతారు, సిలిండర్ మీదే తేదీ ఉంటుంది. తొమ్మిదేళ్ల రైఫిల్ అంటే ఏడాదిలో ఆ సిలిండర్ మార్చాలి. వారంలో తేల్చమని తొందరపెడుతున్నవారు ఆ తేదీ సంగతి మీకు చెప్పారా? లైసెన్సు గురించి భయం అక్కర్లేదు, 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు అది అవసరం లేదు. బిల్లు లేకుండా మాత్రం కొనకండి.

2012 లండన్‌లో కాంస్యం తెచ్చిన మన హైదరాబాద్ గగన్ నారంగ్ పేరు కూడా ఉత్తరం చివర రాశారు. గెలిచినవారి ఇంటి కథలు మనకు వినిపిస్తాయి. ఉన్నదంతా అమ్మి తుపాకీ కొన్నాక రెండేళ్లకే ఆట మానేసినవారు ఎవరూ పత్రికలో కనబడరు, నాలాంటివారి దగ్గరకు వస్తారు.

ఇక చేయవలసింది. మొదటి రెండు నెలల మిగులుతో అత్యవసర నిధిలోని రూ.7,000 లోటు పూడ్చండి. అందులో ఒక నెల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో, మిగతాది ఎప్పుడైనా తీయగలిగే డిపాజిట్‌లో పెట్టి, యూపీఐతో ముడిపడని వేరే బ్యాంకులో ఉంచండి. చిట్టీకి మిగిలిన పదకొండు నెలల్లో రూ.4,000 చొప్పున రూ.44,000, లోటు పోను రూ.37,000 అవుతుంది. అందులోంచి ముందు అమ్మానాయనల పాలసీ, మిగిలినదానితో పాతదైనా సరే మీ కొలతకు సరిపోయే జాకెట్, బూట్లు. చిట్టీ ముగిసినప్పుడు రూ.95,000 వస్తుంది, ఆ వాయిదా ఇక ఉండదు కాబట్టి అత్యవసర నిధి అవసరం కూడా రూ.30,000 తగ్గుతుంది. రెండూ కలిపి రూ.1,25,000. పదకొండు నెలల తరువాత మీ రైఫిల్ గరిష్ఠ ధర అది, సిలిండర్, బిల్లు, అన్నీ కలుపుకొని. మీ కోచ్ చెప్పారంటున్న రూ.45,000 స్వదేశీ రైఫిల్ సరిపోతే ఇంకా మంచిది, మిగతా రూ.80,000 పోటీలకు ప్రయాణాలకు, పెల్లెట్లకు వస్తుంది. అప్పటికి ఖాళీ అయిన రూ.5,000 వాయిదాను మాత్రం ఎవరు ఎంత అడిగినా మరో చిట్టీలో వేయకండి, రికరింగ్ డిపాజిట్‌లో వేయండి.

ఈ వారం మీరు చేయవలసిన ఫోను ఒక్కటే. ఆ జర్మన్ రైఫిల్ వద్దని అమ్మేవారికి చెప్పి, క్లబ్ రైఫిల్‌ను ఇంకో సంవత్సరం వాడుకోవడానికి ఎంత కడితే రోజూ ఒకే రైఫిల్ మీకు కేటాయిస్తారో మీ క్లబ్‌ను అడగండి.