గోడ నెమ్మెక్కితే పర్సనల్ లోనా?

ప్రశ్న: చెన్నై వేళచ్చేరిలో రెండో అంతస్తులో మా సొంత ఫ్లాట్. వానలు మొదలైనప్పటి నుంచి పడగ్గదిలో బీరువా వెనక గోడ నెమ్మెక్కింది. రంగు పొక్కులు లేస్తోంది, పట్టుచీరలకి బూజు వాసన. కాంట్రాక్టరు ఇల్లంతా వాటర్‌ప్రూఫింగ్, పెయింటింగ్ కలిపి 1.8 లక్షలు అన్నాడు. మా వారు 14 శాతం వడ్డీకి మూడేళ్ళ పర్సనల్ లోన్ తీసుకుందామంటారు, నేను ఉన్న 4 లక్షల ఎఫ్‌డీలోంచి తీద్దామంటాను. ఏది నయం?

జవాబు: రెండిట్లో ఒకటే అంటే మీ మాటకే నా ఓటు. ఆ లోన్‌కి ఈఎంఐ నెలకి దాదాపు 6,150, మూడేళ్ళలో వడ్డీయే 41 వేలు దాటుతుంది. ఎఫ్‌డీ ముందే తీస్తే చాలా బ్యాంకుల్లో వడ్డీ రేటులో అర శాతమో ఒక శాతమో కోస్తారు, అంతే. కానీ అసలు ఆ 1.8 లక్షలు ఎందుకమ్మా? ఒక్క గోడ తడిస్తే ఇల్లంతా రంగులేయమన్నవాడు ఆ తడి ఎక్కడిదో చూశాడా?

ముందు పైసా ఖర్చు లేని పని ఒకటి చేయండి. వంటింట్లో అల్యూమినియం ఫాయిల్ ఉంటుంది కదా, జానెడు ముక్క కత్తిరించి, గోడ పైపైన పొడిగుడ్డతో తుడిచి, నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అంటించి, రెండు రోజులు ముట్టుకోకండి. గది వైపు చుక్కలు పడితే అది గాలిలోని తేమ. గోడ వైపు తడిస్తే నీళ్ళు గోడలోంచే వస్తున్నాయి.

గాలి తేమే అయితే మీ ఖర్చు రెండు మూడు వేలు. రాత్రంతా ఏసీ 20లో పెట్టి పొద్దున్నే కిటికీలు బార్లా తీస్తే, బయటి ఉక్కగాలి ఆ చల్లటి గోడకి తగిలి చెమరుస్తుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగ గ్లాసులాగే. బీరువా వెనక గాలి ఆడదు కాబట్టి అక్కడ అసలు ఆరదు. బీరువాని నాలుగు వేళ్ళు ముందుకి జరపండి, ఏసీ 25, 26లో పెట్టండి (కరెంటు బిల్లూ తగ్గుతుంది), వానాకాలంలో తడిబట్టలు పడగ్గదిలో ఆరేయడం మానండి, బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేకపోతే పెట్టించండి.

గోడలోంచే వస్తుంటే మాత్రం ఎవరి నీళ్ళో తేల్చుకోవాలి. గోడకి అవతల మీ బాత్రూమే ఉంటే పైపు కారుతోందో, టైల్స్ సందుల్లోంచి ఊరుతోందో చూడాల్సింది మీరే. పైవాళ్ళ బాత్రూం నుంచైతే వాళ్ళు బాగు చేయించాలి. బయటి గోడ పగులైతే అది మామూలుగా అసోసియేషన్ డబ్బుతో చేయించే పని, మీరు మెయింటెనెన్స్ కడుతున్నది ఎందుకు మరి! ఫోటోలు తీసి, తేదీ వేసి, రాతపూర్వకంగా అడగండి. వాట్సాప్ గ్రూపులో అరిస్తే పనవదు.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. 2021 ఏప్రిల్ నుంచి ఉన్న భారత్ గృహ రక్ష పాలసీ వరద, తుఫాను, ట్యాంకో పైపో పగలడం లాంటివాటికి పనికొస్తుంది, నెలల తరబడి ఊరిన చెమ్మకి కాదు.

ఇంకొక మాట, రంగు ఇప్పుడే వేయించకండి. నేనూ ఒకసారి దీపావళికి ఇల్లు మెరవాలని తడిగోడ మీదే పుట్టీ పెట్టించి ఖరీదైన పెయింట్ వేయించాను, సంక్రాంతికల్లా అప్పడంలా పొంగి చేత్తో ఒలిస్తే ఊడొచ్చింది, 38 వేలు గోవిందా. తడి లోపలే ఉండిపోతే ఏ పెయింటూ ఆగదు. లీకు ఇప్పుడు ఆపించండి, గోడని ఏప్రిల్ దాకా ఆరనివ్వండి.

ఈలోగా ఆ ఈఎంఐ కట్టేవాళ్ళమే అనుకుని నెలకి 6 వేలు బ్యాంకులో ఆర్‌డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేయండి. అయిదు నెలల్లో 30 వేలు, ఒక గదికి సరిపోవాలి. ఎఫ్‌డీని ఆస్పత్రి ఖర్చుకో ఉద్యోగం పోయిన రోజుకో ఉంచుకోండి. ఫాయిల్ తీశాక ఏ వైపు తడిసిందో రాయండి, కాంట్రాక్టరుని ఏం అడగాలో అప్పుడు చెబుతాను.