మేనల్లుడికి, క్లచ్ పని మొదలుపెట్టే ముందు

నాయనా,

క్లచ్ పెడల్ మెత్తగా నేల దాకా పోతోందనీ, రివర్స్ వేస్తే కరకరమంటోందనీ రాశావు. ప్లేటు పోయిందేమోనని టెన్షన్ పడకు. ప్లేటు అరిగితే ఇంజను అరుస్తుంది గానీ బండి ముందుకు లాగదు. నువ్వు చెప్పేది ఆయిల్ తిరిగే దారిలో లోపంలా ఉంది.

అలాగని వెంటనే స్లేవ్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసే చిన్న సిలిండర్) కొనేయకు. గేర్‌బాక్స్ పక్కన దానికి రబ్బరు బూటు ఉంటుంది, వేలితో కాస్త వెనక్కి లాగి చూడు. లోపల తడిగా నల్లటి జిడ్డు అంటితే సీలు పోయినట్టే. అక్కడ పొడిగా ఉండి, బండి లోపల పెడల్ రాడ్డు దగ్గర తడి కనిపిస్తే పోయింది మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ని స్లేవ్ వైపు నెట్టేది. ఎక్కడా కారకుండా, తొక్కిపట్టిన పెడల్ మెల్లగా జారిపోతున్నా అనుమానం మాస్టర్ మీదే. కొన్ని బళ్లలో స్లేవ్ గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది. నీదీ అదే రకమైతే గేర్‌బాక్స్ దించాలి కాబట్టి మారుమాట్లాడకుండా మెకానిక్‌కి ఇచ్చెయ్.

బయట ఉండే రకమైతే రెండు బోల్టుల పనే. బండిని స్టాండ్ల మీద నిలబెట్టు, ఒట్టి జాకీని నమ్మి కిందకి దూరకు. అసలు గొడవంతా సిలిండర్‌కి వచ్చే ఆయిల్ పైపు నట్టుతోనే. మామూలు స్పానర్ వేస్తే దాని మూలలు అరిగి గుండ్రమైపోతాయి. నట్టుని దాదాపు చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ స్పానరే వాడు. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచు. సిలిండర్ బోల్టులు విప్పకముందే ఈ నట్టు కాస్త వదులు చెయ్, అప్పుడైతే సిలిండర్ కదలకుండా పట్టు దొరుకుతుంది. కొత్తది బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పు. మరలు అడ్డంగా పడితే కొత్త సిలిండర్ చెత్తబుట్టలోకే. సిలిండర్ ఊడదీసి ఉన్నంతసేపూ ఎవర్నీ పెడల్ ముట్టుకోనివ్వకు, పిస్టన్ ఊడి బయటికొస్తుంది.

క్లచ్ ఆయిల్ పోసే డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఆయిల్ రకం రాసి ఉంటుంది, అదే పొయ్యి. డాట్ 5 సిలికాన్‌ది, అంకె పెద్దదని మోజుపడకు. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడిగెయ్.

పైపు విప్పినప్పుడు లోపల చేరిన గాలి తీయడానికి ఇంకో మనిషి కావాలి. సిలిండర్ మీద గాలి వదలడానికి ఉండే చిన్న మర, అదే నిపుల్, దానికి పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొస సీసాలోని ఆయిల్లో ముంచు. వాళ్లు తొక్కిపట్టాక నిపుల్ వదులు చెయ్, బుడగలొస్తాయి. బిగించాకే పెడల్ వదలమను. తనంతట తాను పైకి రాకపోతే చేత్తో ఎత్తమను. మొదట పెద్ద బుడగలు, తర్వాత ఆవగింజలంతవి, చివరికి ఒట్టి ఆయిల్. ఈలోగా డబ్బా అడుగంటిందో, మళ్లీ మొదటికే. విసుగొచ్చి మధ్యలో వదిలేస్తారు చాలామంది, ఆపైన పార్టు బాగోలేదంటారు.

చాలా బళ్లలో క్లచ్‌కీ బ్రేకుకీ డబ్బా ఒకటే. అందుకని రోడ్డెక్కే ముందు బ్రేకు కూడా గట్టిగా తొక్కి చూడు. అది ఏమాత్రం మెత్తగా అనిపించినా బండి బయటికి తీయకు, నాకు ఫోన్ చెయ్.

ఆశీస్సులతో,
మామయ్య